రెండు కాయలు, ఒక్క చప్పుడు

ఫినేయాసితో వచ్చిన చిక్కల్లా అతనికి అన్నీ తెలియడమే. ఏదో ఒకటి తెలియకపోతే, ఆ కాస్త ఖాళీలో భార్య అన్న మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది కదా. ఇరవై రెండేళ్ళ కాపురంలో లెసియెలికి అంత జాగా ఎన్నడూ దొరకలేదు. వల ఖాళీగా ఎందుకొచ్చిందో అతనికి తెలుసు, పాస్టరుగారి దగ్గు ఎందుకు తగ్గడం లేదో తెలుసు, కూరలో ఉప్పెక్కువైన రోజున ఆ ఉప్పు ఏ కొట్లో కొన్నదో కూడా నాలుక మీదే తెలుసు. తెలియనిదల్లా, తోడు కావలసిన గంటలో తోడుండటం. ఇప్పుడే బడి వాచ్‌మన్ కొమ్మకి వేలాడుతున్న ఖాళీ గ్యాస్ సిలిండరు మీద ఇనుపకడ్డీతో మూడు దెబ్బలు కొట్టి వెళ్ళాడు, మూడయింది, ఇంకొక్క గంట. లోపల హాల్లో కూతురు ఆనసేని భౌతికశాస్త్రం పరీక్ష రాస్తోంది. బయట సీమపనస చెట్టు కింద తల్లి చాప మీద కూర్చుని, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి చుట్టిన మాంసం పొట్లం చల్లారిపోకుండా తువ్వాల్లో పెట్టి ఒళ్ళో పట్టుకుంది. తండ్రి లేడు. నడుముకి చుట్టుకునే మంచి చాప, ఆదివారం చర్చికి తప్ప తియ్యనిది, ఇవాళ తీసి చుట్టుకుని మరీ వచ్చాడు కూతురి పరీక్ష కదా అని, తీరా వచ్చాక మాయమయ్యాడు. వాచ్‌మన్ గదిలో నలుగుర్ని పోగేసి కావా వేరు కలిపిన నీళ్ళు తాగుతూ గురుత్వం గురించి వాళ్ళకి చెబుతూ ఉంటాడు, ఇంకెక్కడుంటాడు.

నిజానికి పాపం, గేటు దగ్గర ఆపిన తమ వ్యాన్‌లోనే కూర్చునేవాడు. కానీ వ్యాన్ ముందుసీట్లో అతని అక్క మెలెనైటె కూర్చుంది. అక్క కూర్చున్న చోట తమ్ముడు పక్కన చేరి కాళ్ళు ఊపుకుంటూ కబుర్లు చెప్పడం ఈ దీవుల్లో ఎక్కడా లేదు, అరవై ఏళ్ళొచ్చినా లేదు, అక్క కనిపిస్తే తమ్ముడు మర్యాదగా ఎడంగా జరగాల్సిందే. ఆవిడేమో పొద్దున్నే ఎవువా దీవిలో పడవెక్కి మధ్యాహ్నానికి వచ్చింది, దారంతా వాంతులు చేసుకుంటూ, అయినా జుట్టు ఒక్క వెంట్రుక చెదరకుండా. ఇంటికి ఆడపడుచు, పిల్లలకి మేనత్త, ఆవిడ నోటినుంచి మాట వచ్చాక దానికి తిరుగు లేదు. ఆగస్టులో ఆ మాట వచ్చేసింది. పిల్ల ఈ పరీక్ష పాసైతే సముద్రం దాటి సువా కాలేజీకి పంపండి, తుఫాను కబుర్లు చెప్పే చదువు చదువుకోనివ్వండి, పెట్టెలో పెట్టే చాప నేనే నేస్తాను, తప్పితే మాత్రం నా దగ్గరికొచ్చి ఉంటుంది, చాపలు నేయడం నేర్చుకుంటుంది, నాకూ ఇంట్లో ఒక మనిషి అలికిడి కావాలి కదా. అందులో అన్యాయమేమీ లేదు, అదే పెద్ద అన్యాయం. అడిగిన మాటలో పిసరంత దుర్మార్గముంటే లెసియెలి చక్కగా తిట్టుకునేది. వ్యాన్ కిటికీలోంచి చెయ్యొకటి బయటికొచ్చి విసనకర్ర ఊపింది. “ఏమ్మా లెసీ, ఎండలో కూర్చున్నావా నీడలోనా?” “నీడే వదినా.” “నీడైతే ఆ ముఖం అలా మాడిందేం?” వదినకి చూపు మందగించిందని చెప్పిన డాక్టరు ఎవరో గానీ.

ధబ్.

గోడ అవతల కాయ పడింది, మూడు కొట్టకముందు ఒకటి పడింది, ఇది రెండోది. బడి వెనకాల ఖాళీస్థలంలో నాలుగైదు పొట్టి కొబ్బరిచెట్లున్నాయి, వాచ్‌మన్ దింపుకుంటున్నట్టున్నాడు, పిల్లలు పరీక్ష రాస్తుంటే ఇప్పుడే గుర్తొచ్చిందా ఇతనికి కొబ్బరి. హాలు కిటికీ పక్కన మూడో బల్ల మీద ఆనసేని జడ కనిపిస్తోంది, వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. బొమ్మ గీస్తోందేమో. ముందు బొమ్మ గీయాలి. ఏ లెక్కయినా ముందు బొమ్మ, తర్వాత బాణాలు, తర్వాత తెలిసినవేమిటి తెలియనివేమిటి అని రెండు వరసలు. ఇది సొసాయా చెప్పిన మాట, కొడుకు, పిల్లకంటే మూడేళ్ళు పెద్ద. రేవులో పని చేస్తున్నాడిప్పుడు గానీ బడిలో ఉన్నన్నాళ్ళూ భౌతికశాస్త్రంలో వాడే మొదటివాడు. చెల్లెలికి వాడే చెప్పాలి, వేరే ఎవరున్నారు. కానీ ఎలా చెబుతాడు? లెక్క చెప్పడమంటే సగం తిట్టడమే కదా, ఎదిగిన చెల్లెల్ని అన్న తిట్టకూడదు, వేళాకోళమాడకూడదు, అసలు ఒకే గదిలో మోకాలికి మోకాలు ఆనించి కూర్చోకూడదు. అందుకని వాడు పెరట్లో వంటపాకలో కూర్చునేవాడు, ఇది ముందుగదిలో కూర్చునేది, మధ్యన ఒక ప్లైవుడ్ గోడ, ఆ గోడకొక గుమ్మం, గుమ్మంలో తను. నోట్‌బుక్ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. తిట్లు కూడా అలాగే. “అమ్మా, బొమ్మ గీయకుండా లెక్క మొదలెట్టిందని చెప్పు. తల ఎటో తోక ఎటో చూడకుండా చేప పొలుసు తీస్తుందా అని అడుగు.” “అమ్మా, గీశానని చెప్పు. గోడ అడ్డం ఉంది కాబట్టి కనబడలేదని కూడా చెప్పు.” ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినబడుతూనే ఉంటుంది, అయినా మధ్యలో తల్లి నోరొకటి తిరగాలి, తల్లి నోట్లోంచి వస్తే తిట్టు తిట్టు కాదు, చదువు. మార్చినుంచి అక్టోబరు దాకా ప్రతి సాయంత్రం అలా నడిచింది. నడిచీ నడిచీ ఒకరోజు సొసాయా రాసిచ్చిన పాఠం మోసుకొస్తూ దారిలో చదివింది, బయల్దేరిన చోటికే తిరిగొస్తే ఎంత దూరం నడిచినా స్థానభ్రంశం సున్నా. గుమ్మంలో ఆగిపోయి నవ్విన నవ్వుకి రెండు వైపులనుంచీ ఏమైందమ్మా అని ఒకేసారి. ఏమీ కాలేదర్రా, ఇరవై రెండేళ్ళ నా జీవితానికి మీ పుస్తకంలో ఒక పేరుంది, అంతే. ఆ పక్క పేజీలో ఇంకా ఉంది, బిందె పట్టుకుని చదునైన నేల మీద నడిస్తే ఆ బిందె మీద చేసిన పని కూడా సున్నా. ఆ ముక్క ఫినేయాసి చెవిన పడకూడదని ఆ క్షణమే ఒట్టు పెట్టుకుంది.

అయినా ఆ గోడ చల్లగా ఉండాలి. అది లేకపోతే ఆ రెండు తలకాయలూ ఎదురెదురుగా కూర్చుని ఒకదానికొకటి కొట్టుకునేవి, తనని ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, పొయ్యి ముందు కూర్చుని అన్నం కోసం పిలవడమే తన వంతు అయ్యేది. గోడ ఉండబట్టే తనకి తెలిసింది, రాయిని పైకి విసిరితే అది పైన ఒక్క క్షణం ఆగుతుందని, ఆగినా దాన్ని కిందికి లాగే లాగుడు మాత్రం ఆగదని. ఇది విన్న రాత్రి చాలాసేపు ఆలోచించింది, ఆగి ఉండీ లాగబడటం, ఇంతమంది ఆడవాళ్ళకి తెలిసిన సంగతిని ఎవరో లెక్క కట్టి పెట్టారు. తన కాలేజీ రెండేళ్ళు టైపింగు, ఇంగ్లీషు ఉత్తరాలతో పోయాయి, ఇలాంటి మాట ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. లిఫ్టు లెక్క వచ్చినరోజు మాత్రం ఇంట్లో తనే పెద్ద. లిఫ్టు పైకి బయల్దేరుతుంటే లోపల నిలబడ్డ మనిషి బరువు పెరిగినట్టు తోస్తుందా తగ్గినట్టా, అన్నకీ తెలుసు సూత్రం, చెల్లికీ తెలుసు సూత్రం, కానీ ఇద్దరిలో ఎవరూ లిఫ్టు ఎక్కలేదు. తను ఎక్కింది, ఆక్లండ్‌లో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, పదకొండో అంతస్తు. “పైకి వెళ్ళేటప్పుడు మోకాళ్ళ మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. దిగేటప్పుడు పొట్ట నోట్లోకొస్తుంది. రాసుకోండి.” రాసుకున్నారు. గోడకి అటూ ఇటూ రెండు పెన్సిళ్ళు గీస్తున్న చప్పుడు. దేవుడా, ఆ చప్పుడు వినిపించినందుకు నీకు ఎన్ని ఆదివారాలు దండం పెట్టినా తక్కువే.

ధబ్.

మళ్ళీ. ఈసారి హాల్లోంచి టీచరు తల కిటికీలోకి వచ్చి గోడవైపు చూసి వెళ్ళింది. కొబ్బరికాయ చప్పుడంటేనే పడదు లెసియెలికి, ఈ మూడునెలలుగా. అంతా ఆ వ్యాన్ పైకప్పు మీద ఉన్న సొట్టతో మొదలైంది. నాలుగేళ్ళ కిందట ఒక పచ్చికాయ పడి చేసిన సొట్ట, ఫినేయాసి ఎవరు వ్యాన్ ఎక్కినా దాన్ని చూపిస్తాడు, సొంత కొడుకుని చూపించినంత ముచ్చటగా. “ఎండుకాయ పడితే ఇలా అవుతుందా? బరువైంది వేగంగా దిగుతుంది, అందుకే. ముందు పడేదీ అదే. పదేళ్ళప్పట్నుంచీ చెట్లెక్కుతున్నాను, నాకు పుస్తకం చెబుతుందా?” సొసాయా తండ్రితో ఎదురు మాట్లాడడు కాబట్టి తనతో చెప్పాడు, అమ్మా, బరువైనదానికి శక్తి ఎక్కువ, సొట్ట ఎక్కువ పెడుతుంది, అంతేగానీ ముందు పడదు, బరువు ఎంతో లాగుడూ అంత, కదలడానికి మొండితనమూ అంతే, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అన్నీ ఒకేలా దిగుతాయి. గాలి అడ్డు రాకపోతే సుమా. ఆ గాలి మాట తనే మోసుకెళ్ళి భర్తకి చెప్పింది, అక్కడే చెడింది. “గాలిని పట్టించుకోవద్దా? ఎవరు రాశారు ఆ పుస్తకం? ఈ నీళ్ళలో గాలిని పట్టించుకోనివాడు ఇంటికి తిరిగొచ్చాడా ఎప్పుడైనా?” పడవ మనిషి, అతని మాటా కొట్టెయ్యలేం. తను నవ్వేసి ఊరుకుంది. ఇంట్లో ఒక తప్పు ఊరికే పడి ఉంటే ఎవరి కాలికి తగులుతుందిలే అనుకుంది.

కూతురి కాలికి తగిలింది. ఆగస్టులో బడివాళ్ళు పెట్టిన నమూనా పరీక్షలో అదే వచ్చింది, ఒకే ఎత్తునుంచి ఒకేసారి జారవిడిచిన రెండు కిలోల పచ్చికాయ, అరకిలో ఎండుకాయ, గాలిని లెక్కలోకి తీసుకోవద్దు, ఏది ముందు నేలను తాకుతుంది, కారణం రాయి, తాకే ముందు వాటి వేగాలెంత, శక్తులెంత. మొదటి మెట్టు తప్పితే మిగతా మెట్లన్నీ తప్పే. పన్నెండు మార్కులు. పిల్ల తప్పింది నాలుగు మార్కుల తేడాలో. టీచరమ్మ కాగితం తెచ్చి తనకి చూపించింది, చూడండమ్మా, కొండమీంచి విసిరిన రాయి చేసింది, ఏటవాలు పలక చేసింది, లిఫ్టు ఎంత బాగా రాసిందో, ఈ కాయల లెక్క పసిపిల్లలు చేసేది, ఎందుకిలా రాసింది? ఆ రాత్రి పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది. “నీకు తెలుసా తెలియదా?” “తెలుసమ్మా. ఒకేసారి పడతాయి.” “మరి?” “నాన్న బరువైందే ముందు పడుతుందన్నారు కదా.” “పరీక్ష నాన్న రాస్తున్నాడటే?” పిల్ల గోళ్ళు గిల్లుకుంది. “కాగితం మీద పైన నా పేరు రాయాలి కదమ్మా. నా పేరు పక్కన నాన్న పేరుంది. ఆయన పేరు పైన పెట్టి, ఆయన తప్పని కింద ఎలా రాయను?” తిట్టడానికి లేదు, అలా పెంచింది ఎవరు, పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకూడదని వెయ్యిసార్లు చెప్పింది ఎవరు. వెయ్యిసార్లు చెబితే పిల్లలు ఒక్కసారైనా వింటారని తల్లులకి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

మూడు నెలలు ఆ మాట కడుపులో పెట్టుకుంది. ఇవాళ ఒంటిగంటకి పిల్ల హాల్లోకి వెళ్ళాక, వదిన ఇంకా రేవునుంచి రాకముందు, వ్యాన్‌లో ఇద్దరే ఉన్నప్పుడు అతనే అడిగాడు, స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ, “పాసవుతుందంటావా?” అప్పుడు చెప్పేసింది. కోపంగా చెబుదామనుకుంది, కుదరలేదు, పిల్ల చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు అప్పజెప్పింది, ఆయన పేరు పైన పెట్టి ఆయన తప్పని కింద ఎలా రాయను. తాళం ఆగింది. ఫినేయాసి అద్దంలోంచి ముందుకి చూశాడు, అక్కడ చూడటానికి ఒక కోడి తప్ప ఏమీ లేదు, దాన్నే చాలాసేపు చూశాడు. “ఆ కాయ సంగతి నాకు తెలుసు,” అన్నాడు చివరికి, కానీ ఎప్పటి గొంతు కాదది. తర్వాత వదిన వచ్చింది, అతను దిగిపోయాడు. ఇదిగో ఇప్పటిదాకా లేడు. చెప్పకుండా ఉండాల్సిందేమో. లోపల ఆ ప్రశ్న మళ్ళీ వచ్చి ఉంటే పిల్ల ఈపాటికి ఏం రాసి ఉంటుంది. ఎవువాలో వదిన ఇల్లు మంచిదే, సముద్రం వైపు కిటికీ ఉంది. కిటికీ దగ్గర కూర్చుని చాప నేస్తూ మబ్బుల్ని చూస్తుంది పిల్ల, ఏ మబ్బు ఎందుకొచ్చిందో దానికి తెలుస్తుంది, అడిగేవాళ్ళే ఉండరు.

ధబ్.

“ఓయవే!” అంది వ్యాన్‌లోంచి మెలెనైటె. “లెసీ, ఆ చెట్టు మీద ఎవరో చూడు. ఒక కాయ కోయడానికి ఇంతసేపా? పావుగంటకొకటి!” నిజమే. కాయలు దింపేవాడు గెలలు గెలలుగా దింపుతాడు, చప్పుళ్ళు వరసగా రావాలి. ఇది ఒకటి, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒకటి. పైగా ఆ చప్పుడులో ఏదో ఉంది, బరువైన ధబ్ లోపల ఇంకో చిన్న టప్ ఇరుక్కుని ఉన్నట్టు, రెండూ ఒకదాన్నొకటి విడిచిపెట్టకుండా. లెసియెలి పొట్లం చాప మీద పెట్టి లేచింది. గోడ దగ్గరికి వెళ్ళేసరికి ముందు కనిపించింది నడుముచాప, ఆదివారంది, శ్రద్ధగా మడతపెట్టి గోడ మీద పెట్టి ఉంది. దాని మీద చెప్పులు కూడా పెట్టలేదు, పక్కన పెట్టాడు, అంత మర్యాద. అవతల చెట్టు కాండాన్ని కాళ్ళతో కరుచుకుని, నలుగురు మనుషుల ఎత్తున, యాభై ఏళ్ళ ఫినేయాసి. కింద నేలమీద ఒక పచ్చికాయ, ఒక ఎండుకాయ, వాటిని కట్టి మోసిన తాడు అతని మెడలోనే. నిన్నటి వానకి నానిన మట్టిలో గుంటలు, జంటలు జంటలుగా, ప్రతి జంటలో ఒకటి లోతు, ఒకటి పైపైన. నాలుగు జంటలు. అంటే ఈ మనిషి ఆ రెండు కాయల్నీ మెడకి కట్టుకుని నాలుగుసార్లు ఎక్కాడు, నాలుగోసారి ఇంకా దిగలేదు. ఎత్తుకి ఎత్తు, బరువుకి బరువు. ఇన్నేళ్ళకి ఇవాళ ఇతను భౌతికశాస్త్రం కూడా ఒప్పుకునే పని చేశాడు. “ఏమయ్యా మహానుభావా, అక్కడేం చేస్తున్నావు?” చెట్టు మీదనుంచి, కాండానికి చెబుతున్నట్టు మెల్లగా, “ఏది ముందు పడిందో నువ్వు చూశావా?” “చూడలేదు. విన్నాను.” “ఎన్ని చప్పుళ్ళు?” తను చెప్పలేదు. చెప్పడం ఎంత తేలికో, ఇరవై రెండేళ్ళుగా నాలుక చివర కాచుకుని ఉన్న మాట, అయినా చెప్పలేదు. “నీకు చెవులున్నాయిగా,” అంది. మట్టిలో ఆ గుంటల్ని మళ్ళీ చూసింది, లోతుదీ, పైపైదీ, పక్కపక్కన, ఇంత వేర్వేరుగా ఉండీ ఒక్క క్షణంలో దిగినవి. ఎందుకో కళ్ళు చెమర్చాయి. అన్నీ తెలిసిన మనిషి, తెలుసుకోవడానికి చెట్టెక్కాడు, ఎవరూ అడక్కుండా, మోకాళ్ళు చీరుకుపోతుంటే. ఇలాంటివాణ్ణి ఇచ్చినందుకు దేవుడి మీద ఫిర్యాదు చేద్దామని పొద్దున్న అనుకుంది తను. సరే, రేపు చేస్తుంది.

సిలిండరు నాలుగుసార్లు మోగింది. తలుపులు తెరుచుకున్నాయి, పిల్లలు గుంపుగా బయటపడ్డారు, కొందరు నవ్వుతూ, కొందరు లెక్కల్ని వేళ్ళమీద మళ్ళీ చేసుకుంటూ. ఆనసేని చివర వచ్చింది, వేళ్ళకి సిరా, చెంపకి కూడా. “అన్నయ్యకి చెప్పమ్మా, ఏటవాలు పలక వచ్చింది, బొమ్మ ముందే గీశానని. లిఫ్టు కూడా వచ్చింది, నీ మోకాళ్ళు తలుచుకుని రాశాను.” వ్యాన్ కిటికీలోంచి విసనకర్ర ఆగింది. “ఆ కాయల లెక్క వచ్చిందటే?” అంది మేనత్త. అంటే ఆవిడకీ తెలుసన్నమాట, ఈ ఊళ్ళో ఏ కడుపులోనూ ఏ మాటా మూడు నెలలు దాగదు. “కాయలు కాదత్తా. గుండ్లు. ఒకటి ఇనుపది, ఒకటి చెక్కది. ఒకే ఎత్తునుంచి.” “ఏం రాశావు?” అప్పుడే గోడ పక్కనుంచి ఫినేయాసి వచ్చాడు, నడుముచాప వంకరగా చుట్టుకుని, ముంజేతులు గీరుకుపోయి, అక్క ఉన్న వ్యాన్‌కి పది అడుగుల దూరంలో మర్యాదగా ఆగాడు. తండ్రిని చూడగానే ఆనసేని నేలవైపు చూసింది. లెసియెలి గుండె ఒక్కసారి పైకి లేచి, పైన ఆగింది. ఈ పిల్ల ఎప్పుడు నేల చూస్తుందో తనకి తెలుసు. అయిదేళ్ళప్పుడు పాస్టరుగారికని దాచిన కోడికాలు కుక్కకి పెట్టినరోజు ఇలాగే చూసింది. మాట విన్నరోజున సూటిగా చూస్తుంది, వినని రోజునే ఇలా. ఇవాళ వినలేదు. కన్నకూతురు పెద్దల మాట విననందుకు ఇంత మొక్కుకున్న తల్లి ఈ దీవుల్లో ఇంకొకతె ఉండదు. కానీ వదిన అడిగింది, జవాబు కావాలి, పిల్ల పెదవులు కదలడం లేదు, తండ్రి ఎదురుగా, మేనత్త వింటుండగా, ఆ మాట ఆ నోటినుంచి రాదు, వెయ్యిసార్లు చెప్పి పెంచిన నోరు కదా అది. హాల్లో కాగితం మీద రాసిందేదో రాసేసింది, ఇక్కడ గాలిలో చెప్పడం అంతకంటే కష్టం. లెసియెలి తను మధ్యలోకి వెళ్ళబోయింది, అలవాటు, ఇటు మాట అటు మోయడానికి ఒక అడుగు వేసింది కూడా. ఫినేయాసి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. గొంతు సవరించుకున్నాడు. చర్చిలో చదివేటప్పటి గొంతు, వ్యాన్ దాకా వినబడేలా.

“నాలుగుసార్లు వేసి చూశానమ్మా, ఆనసేనీ. నాలుగుసార్లూ ఒక్కటే చప్పుడు. ఇన్నేళ్ళూ నీకు నేను చెప్పింది తప్పు.”